పొగ చూసి ఇంజన్ విప్పకండి

పసుపు కాలంలో ఆర్మూర్ చుట్టుపక్కల బండికి తీరిక ఉండదు. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోత, పాలిష్ డ్రమ్ములు, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలకం ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. పంట ట్రాక్టర్లలో పోయినా మనుషులు, ఖాళీ సంచులు, డీజిల్ డబ్బాలు మాత్రం ఇంటి బొలెరోలోనో పాత డిజైర్‌లోనో తిరుగుతుంటాయి. ఆ రోజుల్లోనే సైలెన్సర్ నుంచి నీలిపొగ మొదలైతే గ్యారేజీలో చాలాసార్లు వినబడే తీర్పు ఒక్కటే: "రింగులు పోయినయ్ అన్నా, ఇంజన్ పని చేయించాలె." ఆ తీర్పు నిజమయ్యే బండ్లు ఉన్నాయి. కానీ పొగను చూసి ఆ తీర్పు చెప్పడం, దాన్ని విని ఇంజన్ విప్పించడం, రెండూ తొందరపాటే. పొగ ఒక లక్షణం మాత్రమే. ఆయిల్ ఏ దారిన పోయి మండుతోందో తేలకముందే ఇంజన్ విప్పితే, పంట సొమ్ములో పెద్ద భాగం అసలు రోగం లేని చోట ఖర్చయిపోయే ప్రమాదం ఉంది.

ఆయిల్ మంట దాకా చేరడానికి ఉన్న దారులు ఎన్నో ముందు తెలియాలి. పిస్టన్‌కు సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రెండూ ముఖ్యంగా కంప్రెషన్‌ను ఆపుతాయి. కిందిది సిలిండర్ గోడకు అంటిన ఆయిల్‌ను గీకి, పిస్టన్‌లోని చిన్న రంధ్రాల గుండా కిందికి పంపుతుంది. ఇవి అరిగినా, మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయినా ఆయిల్ పైకెక్కుతుంది. ఇది మొదటి దారి, అందరికీ తెలిసిన దారి. రెండోది హెడ్‌లోని వాల్వ్ సీళ్లు. వేడికి గట్టిపడి పగిలిన రబ్బరు సీలు గుండా ఆయిల్ చుక్కలు చుక్కలుగా సిలిండర్‌లోకి దిగుతుంది. మూడోది టర్బో. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసును కాపాడేది ఆయిలే. అక్కడ అరుగుదల వచ్చినా, ఆయిల్ తిరిగి సంపులోకి దిగే గొట్టం మూసుకుపోయినా అది గాలి గొట్టంలోకో సైలెన్సర్‌లోకో పోతుంది. నాలుగోది బ్రీదర్, అంటే ఇంజన్ పొట్టలోని ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపే గొట్టం, దాని వాల్వు. ఇది చెడితే ఆయిల్ నేరుగా ఆ గొట్టంలోంచే ఇంజన్‌లోకి పోతుంది. ఇవికాక హెడ్ గాస్కెట్ ఉంది. పొగతో నిమిత్తం లేకుండా నేలమీద కారిపోయేది వేరే. వాల్వ్ కవర్ గాస్కెట్ దగ్గర కారిన ఆయిల్ వేడి మానిఫోల్డ్ మీద పడి బానెట్ కింద పొగలేస్తే, అదీ "ఇంజన్ పొగ" కిందే జమైపోతుంది. ఇన్ని దారుల్లో ఇంజన్‌ను పూర్తిగా విప్పాల్సి వచ్చేది మొదటిదానికి ఒక్కదానికే.

పొగ రంగును బట్టి చాలావరకు వడపోయవచ్చు. నల్లపొగ అంటే ఆయిల్ కాదు, ఇంధనం సరిగా మండకపోవడం. గాలి ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్ చెడినా, టర్బో గొట్టం పగిలి గాలి కారిపోతున్నా అది వస్తుంది. చలికాలం పొద్దున డీజిల్ బండి తెల్లపొగ వదిలి, ఘాటుగా డీజిల్ వాసన వేస్తే హీటర్ ప్లగ్గులను అనుమానించాలి. బండి వేడెక్కాక కూడా తెల్లని ఆవిరి ఆగకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అప్పుడు హెడ్ గాస్కెట్ సంగతి చూడాలి. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనబడగానే గాస్కెట్ పోయిందని భయపెట్టేవాళ్లున్నారు. పెర్కిట్ నుంచి మామిడిపల్లి దాకా పోయి ఆపేసే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, తేమ ఆవిరైపోదు, మూతకింద మీగడ పడుతుంది. అది హైవే మీద గంటసేపు నడిపితే పోతుంది. నీలిరంగు పొగే ఆయిల్‌ది.

రంగు కంటే ఎక్కువ చెప్పేది సమయం. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పెడు నీలిపొగ వదిలి తర్వాత శుభ్రంగా నడిస్తే, అది వాల్వ్ సీళ్ల తీరు. ఆయిల్ రాత్రిపూట మెల్లగా దిగి, పొద్దున మండిపోయింది. బరువుతో ఎత్తెక్కుతున్నప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, బండి ఎంత వేడెక్కినా పొగ ఆగకపోతే రింగుల మీద అనుమానం బలపడుతుంది. పెట్రోలు బండికి ఇంకో మంచి పరీక్ష ఉంది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో కాలు తీసేసి గేరులోనే దింపి, కింద సమతలం రాగానే యాక్సిలరేటర్ తొక్కుతూ అద్దంలో వెనక్కి చూడాలి. దిగేటప్పుడు ఇంజన్ లోపల పీల్పు ఎక్కువై వాల్వ్ సీళ్ల గుండా ఆయిల్‌ను లాగుతుంది. తొక్కగానే అదంతా ఒక్కసారిగా నీలిమేఘంలా బయటపడుతుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ పీల్పు అంతగా ఉండదు కనుక ఈ గుర్తును దానికి వర్తింపజేస్తే పొరపడతాం.

అసలు ఎంత ఆయిల్ పోతోందో కొలిచి చూసేవాళ్లు తక్కువ. "ఆయిల్ బాగా తింటోంది" అన్న మాటకు అంకె ఉండాలి. బండిని చదును నేల మీద నిలిపి, ఇంజన్ ఆపి పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ మీద పై గీత దాకా నింపి, మీటర్ రీడింగ్ రాసుకోవాలి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత అదే నేల మీద, అదే తీరున చూసి, మళ్లీ పై గీతకు తేవడానికి ఎంత పట్టిందో కొలపాత్రతో పోయాలి. ఏ ఇంజన్ అయినా కొంత ఆయిల్ తింటుంది. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని తమ పుస్తకాల్లో రాసుకున్న కంపెనీలూ ఉన్నాయి. కొత్త డీజిల్ బండ్లలో ఇంకో చిక్కు ఉంది. పొగలోని మసిని పట్టే సైలెన్సర్ ఫిల్టర్ ఆ మసిని కాల్చుకునేటప్పుడు అదనంగా చిమ్మిన డీజిల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గుతున్నా డిప్‌స్టిక్ మీద గీత తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. అందుకే గీతను చూడటంతో పాటు డిప్‌స్టిక్‌ను వాసన చూడాలి.

కొలత ముందు, విప్పడం తర్వాత అన్న వరుసకు ప్రపంచంలోనే పెద్ద కార్ల కంపెనీ అనుభవం సాక్ష్యంగా ఉంది. అమెరికాలో ఎన్నో తెలుగు కుటుంబాలకు తెలిసిన కారు టయోటా క్యామ్రీ. 2007 నుంచి 2009 దాకా అక్కడ అమ్మిన క్యామ్రీలలోని 2.4 లీటర్ల ఇంజన్ కొన్నింటిలో ఆయిల్ విపరీతంగా తినేది. ఫిర్యాదులు పెరిగాక ఆ ఇంజన్లకు టయోటా ప్రత్యేక వారంటీ ప్రకటించింది. కానీ వచ్చిన ప్రతి కారునూ విప్పలేదు. ముందు డీలరు దగ్గర ఆయిల్ నింపి, 1,200 మైళ్లు, అంటే సుమారు 1,930 కిలోమీటర్లు నడిపించి, ఒక క్వార్టు, అంటే లీటరుకు కాస్త తక్కువ, దాటి తగ్గితేనే పిస్టన్లు, రింగులు మార్చింది. తన తయారీలోనే లోపముందని తెలిసిన కంపెనీ కూడా ఫలానా కారులో ఆ లోపం ఉందో లేదో కొలిచాకే చేయి పెట్టింది. ఆర్మూర్ షెడ్డులోని పదేళ్ల డిజైర్‌కు ఆ పాటి పరీక్ష ఎందుకు అక్కర్లేదు?

గ్యారేజీల్లో వాడుకలో ఉన్న పరీక్ష ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూస్తారు. అక్కడినుంచి పొగ తోసుకొస్తే "బ్యాక్ కంప్రెషన్ ఉంది, రింగులు అయిపోయినయ్" అంటారు. సెకండ్ హ్యాండ్ బండ్ల బేరాల్లో ఈ ఒక్క చూపుతో వేల రూపాయలు అటూ ఇటూ అవుతాయి. ఇందులో కొంత నిజముంది. అరిగిన రింగుల పక్కనుంచి దిగిన వాయువు ఇంజన్ పొట్టలో ఒత్తిడి పెంచుతుంది. అయితే బ్రీదర్ మూసుకుపోయినా అదే ఒత్తిడి, అదే పొగ. పైగా వేడి డీజిల్ ఇంజన్ మూత తీస్తే కాస్త ఆవిరి రావడం సహజం. బ్రీదర్ గొట్టం విప్పి మసి కడిగి, దాని వాల్వు సరిచూసి, మళ్లీ అదే పరీక్ష చేస్తే తేడా తెలుస్తుంది. టర్బో సంగతీ అంతే. ఇంటర్‌కూలర్‌కు పోయే గొట్టం విప్పి లోపల చూస్తే, పలుచని ఆయిల్ తడి ఉండటం మామూలు, కారుతూ మడుగు కట్టడం మామూలు కాదు. అలాగని వెంటనే టర్బో కొననక్కర్లేదు. ఇంజన్ పొట్టలో ఒత్తిడి పెరిగితే టర్బోలోంచి దిగాల్సిన ఆయిల్ దిగలేక బయటికి పొర్లుతుంది. బ్రీదర్ బాగుచేయకుండా టర్బో మారిస్తే కొత్త టర్బో కూడా పొగే వదులుతుంది. ఇలా ఒకదాని తప్పు ఇంకొకదాని మీద పడే చోట తొందర చాలా ఖరీదు.

బయటి దారులన్నీ శుభ్రంగా తేలాక లోపలి సంగతి చూడాలి. దానికీ ఇంజన్ విప్పనక్కర్లేదు. కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్‌నూ కొలిస్తే పెట్రోలు బండిలో సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ, డీజిల్‌లో దానికి రెట్టింపు పైన వస్తుంది. సిలిండర్ల మధ్య తేడా ఈ అంకె కంటే ముఖ్యం. మూడు బాగుండి ఒకటి బాగా తక్కువైతే రోగం అక్కడుంది. పెట్రోలు బండిలో ఆ సిలిండర్‌లోకి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, కదలకపోతే వాల్వులు. డీజిల్‌లో మంటగది ఇరుకు కాబట్టి ఆయిల్ పోస్తే ఇంజనే దెబ్బతినవచ్చు, దానికి లీక్‌డౌన్ పరీక్ష మేలు. సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి ఎక్కడినుంచి బుసకొడుతోందో వినాలి. ఆయిల్ మూత దగ్గర వినబడితే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి గొట్టంలో అయితే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలైతే హెడ్ గాస్కెట్. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. కంప్రెషన్ చక్కగా ఉన్నా ఇంజన్ ఆయిల్ తినవచ్చు. పై రెండు రింగులు బాగుండి, ఆయిల్ గీకే మూడో రింగు మసితో ఇరుక్కుపోతే గేజ్ ఏమీ చెప్పదు. మైలేజీ కోసం ఇప్పటి ఇంజన్లలో రింగులను సన్నగా, తక్కువ బిగువుతో చేస్తున్నారు. ఆయిల్ మార్పు ఆలస్యమైతే ఆ సన్నని రింగులు త్వరగా ఇరుక్కుంటాయి. ప్లగ్గు రంధ్రంలోంచి ద్రావకం పోసి ఒక రాత్రి నానబెడితే కొన్నిసార్లు అవి వదులుతాయి, కొన్నిసార్లు వదలవు. ఖర్చు తక్కువ కనుక ఒకసారి ప్రయత్నించడం తప్పు కాదు. ఆ తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చడం మాత్రం తప్పనిసరి.

ఇక ఈ ప్రాంతపు బండ్ల అసలు శత్రువు దుమ్ము. ఒక లీటరు పెట్రోలు మండటానికి దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి, డీజిల్ ఇంజన్ ఇంకా ఎక్కువ పీలుస్తుంది. ఆ గాలి పొలం బాటల మీదిది, కళ్లాల పక్కది, పసుపుకు అంటిన మట్టిని, పొట్టును రాల్చి ఎగరేసే పాలిష్ డ్రమ్ముల దగ్గరిది. మట్టిలోని ఇసుక రేణువు సిలిండర్ పోత ఇనుము కంటే గట్టిది. ఫిల్టర్ దాటి లోపలికి పోయిన రేణువు ఆయిల్‌తో కలిసి రింగులనూ గోడలనూ అరగదీస్తుంది. కనుక ఇక్కడ రింగులు నిజంగానే త్వరగా అరగవచ్చు, మెకానిక్ మాట నిజమయ్యే అవకాశం ఇక్కడ ఎక్కువే. అయినా పరీక్ష అక్కర్లేదనడానికి అది కారణం కాదు, పరీక్ష మరింత అవసరమనడానికి కారణం. రింగులు దుమ్ముతో అరిగితే, దుమ్ము ఏ సందున దూరిందో కనిపెట్టకుండా కొత్తవి వేసినా అవీ అలాగే పోతాయి. చూడటం తేలికే. ఫిల్టర్ డబ్బా తర్వాత ఇంజన్ వైపు పోయే గొట్టం విప్పి లోపల వేలితో రాయాలి. సన్నని మట్టి అంటితే ఫిల్టర్ పనిచేయడం లేదు. కంప్రెసర్ గాలితో పదేపదే ఊది చిల్లులు పడ్డ కాగితపు ఫిల్టర్, సరిగా కూర్చోని డబ్బా మూత, వదులైన క్లిప్పు, పగిలిన రబ్బరు గొట్టం, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. కొత్త ఫిల్టర్‌కయ్యేది కొన్ని వందలే. పసుపు కాలానికి ముందొకటి, అయ్యాక ఒకటి మార్చడం ఇంజన్ పనితో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఈ వాదనకు మెకానిక్కులు చెప్పే అభ్యంతరం ఒకటుంది. ఇరవై ఏళ్లు ఇంజన్లు విప్పిన చేతికి గేజ్‌తో పనేమిటి, శబ్దం వింటే చాలదా అని. ఆ చేతి అనుభవాన్ని తక్కువ చేయలేం. నిజానికి పైన చెప్పిన సమయాల గుర్తులన్నీ అలాంటి అనుభవం నుంచి పుట్టినవే. కానీ పసుపు వ్యాపారి ఎంత పండినవాడైనా కొమ్ము విరిచి లోపలి రంగు చూశాకే ధర చెబుతాడు. అనుభవం ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, కొలత రోగం అక్కడుందో లేదో చెబుతుంది. పనిముట్లు చిన్న ఊళ్లో దొరకవన్న మాట కూడా నిలవదు. కంప్రెషన్ గేజ్ అంత ఖరీదైన వస్తువు కాదు, ఆర్మూర్‌లో దొరక్కపోయినా నిజామాబాద్ పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరమే. ఒక పూట ఆలస్యమవుతుంది, అంతే. అడగాల్సింది యజమానే. అంకెలు కాగితం మీద రాసి ఇమ్మని అడిగితే మంచి మెకానిక్ నొచ్చుకోడు.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. పాత బండికి ఇంత హంగామా ఎందుకు, తగ్గినప్పుడల్లా ఆయిల్ పోసుకుంటే పోదా అని. ఇందులో ఆలోచించదగ్గ లెక్క ఉంది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు తినే బండి ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే 12 లీటర్లు. లీటరు 450 రూపాయలనుకుంటే 5,400. ఇంజన్ పనికి అయ్యే పదుల వేలతో చూస్తే రెండు మూడేళ్లలో వదిలించుకోబోయే బండికి పోసుకుంటూ పోవడమే లాభమనిపిస్తుంది. అయితే మండిన ఆయిల్‌లోని భాస్వరం, జింకు పెట్రోలు బండి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనల డీజిల్ బండ్లలో ఆయిల్ మండగా మిగిలే బూడిద సైలెన్సర్ ఫిల్టర్‌ను నింపేస్తుంది, అది కాలిపోయే మసి కాదు. ఒక్కసారి చూడటం మరిచిపోయి ఆయిల్ అడుగంటితే బేరింగులు పట్టేసి ఉన్న ఇంజనూ పోతుంది. ఆ పొగ పీల్చేది వాడకట్టులోని పిల్లలు, పక్కన బైకు మీద పోయేవాళ్లు. వాళ్లకు లెక్కలో చోటు లేకపోతే ఆ లెక్క తప్పు. కొలిచాక అర లీటరులోపు వస్తే పోసుకుంటూ నడపడం సబబే. లీటరు దాటితే కాదు.

మరి చిక్కని ఆయిల్ పోస్తే? కంపెనీ 5డబ్ల్యూ-30 వాడమన్న ఇంజన్‌లో అంతకంటే చిక్కని 20డబ్ల్యూ-50 పోస్తే పొగ కొన్నాళ్లు తగ్గడం నిజమే. కానీ పాత స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టాల్లోని 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ బిగువు, వాల్వుల సర్దుబాటు ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తాయి. చలిపొద్దున చిక్కని ఆయిల్ సన్నని దారుల్లో ఎక్కేలోపు చైను, టర్బో పొడిగా తిరుగుతాయి. బండి అమ్మేముందు ఇలా చేసి కొనేవాడికి పొగ కనబడకుండా చేయడం వాడిని మోసగించడమే.

అన్నీ చూశాక రింగులేనని తేలితే ఇంజన్ విప్పక తప్పదు. అప్పుడు కూడా యజమాని అక్కడుండాలి. బయటికొచ్చిన రింగులు, పిస్టన్లు చాలా చెబుతాయి. రింగు గాడిలో నల్లగా అతుక్కుపోయి ఉంటే ఆయిల్ మార్పు ఆలస్యం, లేదా నాసిరకం ఆయిల్. అన్ని వైపులా సమానంగా సన్నబడి ఉంటే దుమ్ము. గోడల మీద నిలువు గీతలుంటే వేడెక్కి పట్టేసిన గుర్తు. బోర్ చేయాలా అక్కర్లేదా అన్నది కూడా కంటితో తేల్చేది కాదు. లేత్ వర్క్‌షాపులో బోర్ గేజ్ పెట్టి పైనా మధ్యనా కిందా, రెండు వైపులా కొలిచి అంకెలు ఇవ్వాలి. కొలతలు కంపెనీ హద్దులో ఉంటే హోనింగ్ చేసి కొత్త రింగులు వేస్తే చాలు. బోర్ చేస్తే పోయిన ఇనుము తిరిగిరాదు, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద పిస్టన్లు వేయాల్సి వస్తుంది. రింగుల చివరల సందు కొలిచారా, గుర్తున్న వైపు పైకి పెట్టారా అని అడగడంలో సిగ్గుపడాల్సింది లేదు. బిగింపు గాలిదుమ్ము లేచే షెడ్డు వాకిట్లో కాక లోపల జరగాలి. హెడ్ ఎలాగూ దిగింది కాబట్టి వాల్వ్ సీళ్లు ఆ చేత్తోనే మార్పించాలి.

బండి తిరిగొచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంతో లాగకుండా, బరువెక్కించకుండా నడిపితే కొత్త రింగులు గోడకు సర్దుకుంటాయి. ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోసి, మళ్లీ చదును నేల మీద పై గీత దాకా నింపి, మీటర్ రీడింగ్ రాసుకోవాలి. ఇంకో వెయ్యి కిలోమీటర్లకు ఎంత తగ్గిందో ఆ కాగితం మీదే పాత అంకె పక్కన రాస్తే, చేసిన పనికి ఇచ్చిన డబ్బు సరిపోయిందో లేదో మెకానిక్‌కూ యజమానికీ ఒకేసారి తెలుస్తుంది.